ఏసీ బాగు చేయించేటప్పుడు గ్యాస్ గాలిపాలు కాకుండా చూసుకోవడం ఎలా?

వేసవి మొదలవగానే విజయవాడలో మా షాపుకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "ఏసీ చల్లగా రావడం లేదు. గ్యాస్ కొట్టాలి. ఎంత తీసుకుంటారు?" నేను వెంటనే ధర చెప్పను. "లోపలున్న గ్యాస్ ఎక్కడికి పోయిందండీ?" అని అడుగుతాను. చాలామందికి ఆ ప్రశ్నే కొత్త. స్కూటర్లో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ కూడా ఏడాదికోసారి అయిపోతుందని వాళ్ల నమ్మకం.

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. కంప్రెసర్ నుంచి బయటి కాయిల్‌కు, అక్కడి నుంచి సన్నని కేపిలరీ గొట్టం గుండా లోపలి కాయిల్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు, ఈ మూసిన దారిలో అదే గ్యాస్ ద్రవమవుతూ, ఆవిరవుతూ ఏళ్ల తరబడి తిరుగుతుంది. పదేళ్లు, పదిహేనేళ్లు ఒక్క గ్రాము ఎక్కించకుండా నడిచిన ఏసీలను నేను చూశాను. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు మూయకుండా కొత్తది ఎక్కిస్తే అదీ గాలిలోకే పోతుంది. మళ్లీ వేసవికి మళ్లీ ఫోను వస్తుంది.

నేను ఆర్12 అనే పాత గ్యాస్ సిలిండర్ల కాలంలో ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు కుర్రవాళ్లకు నేర్పుతున్నాను. వాళ్లకు చెప్పేవి వేరు. ఇక్కడ రాస్తున్నది ఏసీ, ఫ్రిజ్ ఉన్న ఇంటివారి కోసం. గ్యాస్‌ను సిలిండర్‌లోకి జాగ్రత్తగా పట్టుకోవాలా, నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేయాలా అన్నది మెకానిక్ ఒక్కడి చేతిలో లేదు. ఇంటివారు ఏమడుగుతారు, ఎంత సమయం ఇస్తారు, దేనికి డబ్బు చెల్లిస్తారు అన్నదాన్ని బట్టే అది తేలుతుంది.

వదిలిన గ్యాస్ ఎక్కడికి పోతుంది?

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. బడిపిల్లలు గీసే ఓజోన్ పోస్టర్లలో ఫ్యాక్టరీ గొట్టాల నల్లని పొగ ఉంటుంది, బస్సుల పొగ ఉంటుంది. ఆ పొగ మన ఊపిరితిత్తులకు చేటు. ఎండలో ఆ పొగలోని రసాయనాలు కలిసి నేలమీద ఓజోన్‌ను పుట్టిస్తాయి, ఆ ఓజోన్ ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. అయితే పైనున్న ఓజోన్ పొరకు చిల్లు పెట్టింది ఆ పొగ కాదు. కంటికి కనిపించని, వాసన పెద్దగా తెలియని, క్లోరిన్, బ్రోమిన్ ఉన్న వాయువులు ఆ పని చేశాయి. వాటిలో పెద్ద వాటా మా చేతుల మీదుగా వెళ్లినదే. ఫ్రిజ్‌లలో, కార్ల ఏసీలలో ఆర్12, ఫోమ్ తయారీలో ఆర్11, ఇంటి ఏసీలలో ఆర్22. నిప్పు ఆర్పే హేలాన్లలో, గోదాములలో పురుగుమందుగా వాడిన మిథైల్ బ్రోమైడ్‌లో బ్రోమిన్ ఉంటుంది.

ఈ గ్యాసులను చెడ్డ ఉద్దేశంతో ఎవరూ తయారు చేయలేదు. అంతకు ముందు ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్, అమ్మోనియా వాడేవారు. లీకైతే ఇంట్లోవాళ్ల ప్రాణాలు పోయేవి. 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ బృందం ఆర్12ను సిద్ధం చేసింది. అది మండదు, విషం కాదు, దేనితోనూ తొందరగా కలవదు. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్గ్లీ ఆ వాయువును పీల్చి, దాన్నే ఊది కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. దేనితోనూ కలవని ఆ గుణమే పైన కీడైంది. వానకు కరగదు, కింది గాలిలో విడిపోదు. ఆర్12 అయితే దాదాపు వందేళ్లు గాలిలో ఉంటుంది. ఆర్22 కొంత నయం, దాని ఆయువు సుమారు 12 ఏళ్లు.

"ఈ గ్యాస్ గాలికంటే బరువు కదా మాస్టారూ, పైకి ఎలా వెళుతుంది?" అని నా దగ్గర నేర్చుకునే కుర్రవాళ్లు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న. ఆర్22 గాలికి మూడు రెట్ల బరువు. మూసిన గదిలో లీకైతే నేల దగ్గర పేరుకుంటుంది, ఊపిరాడకుండా చేస్తుంది. బయట అలా కాదు. గాలి ఎప్పుడూ కదులుతూ, సుడులు తిరుగుతూ ఉంటుంది కాబట్టి బరువైనవీ తేలికైనవీ విడిపోకుండా కలిసిపోతాయి. పైగా నేలమీది గాలి పైనున్న గాలిపొర అయిన స్ట్రాటోస్పియర్‌లోకి ఎక్కేది ప్రధానంగా భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న ఉష్ణమండలంలోనే. అంటే మన ప్రాంతాల మీదుగానే. 1987లో హైదరాబాద్‌లోని టాటా పరిశోధనా సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్లు ఎగరేసి స్ట్రాటోస్పియర్ గాలిని నమూనాలుగా పట్టి తెచ్చారు. ఆ గాలిలో ఈ క్లోరిన్ గ్యాసులు ఉన్నాయి.

నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ ఎక్కువగా ఉంటుంది. పొర అన్నామని అక్కడ గట్టి కప్పు ఏదో ఉందనుకోకండి. బాగా చిక్కగా ఉన్నచోట కూడా పది లక్షల గాలి అణువులలో ఓజోన్ అణువులు పదికి అటూ ఇటూ మాత్రమే. ఆ ఓజోన్ అంతటినీ నేలమీది ఒత్తిడికి తెచ్చి పరిస్తే సుమారు 3 మిల్లీమీటర్ల మందం. దాన్నే 300 డాబ్సన్ యూనిట్లు అంటారు. ఎండలోని ప్రమాదకరమైన అతినీలలోహిత కిరణాలలో చాలా భాగాన్ని ఆపేది ఆ కొద్దిపాటి ఓజోనే. అది పలచబడితే చర్మ క్యాన్సర్లు, కంటి శుక్లాలు పెరుగుతాయి, పంటలకూ సముద్రంలోని సూక్ష్మజీవులకూ దెబ్బ.

అంత ఎత్తుకు చేరిన మన గ్యాస్‌ను అతినీలలోహిత కిరణాలు విరిచేస్తాయి. క్లోరిన్ పరమాణువు విడిపోతుంది. అది ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, ఆ ఆక్సిజన్‌ను మరో ఒంటరి ఆక్సిజన్‌కు ఇచ్చేసి మళ్లీ విడిగా మిగులుతుంది, మరో ఓజోన్ మీద పడుతుంది. ఏదో ఒక వాయువు దాన్ని బంధించేలోగా ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష దాకా ఓజోన్ అణువులను నాశనం చేయగలదు. 1974లో మారియో మొలీనా, షెర్‌వుడ్ రోలాండ్ ఈ సంగతి చెప్పినప్పుడు కంపెనీలు నమ్మలేదు. 1985లో జో ఫార్మన్, బ్రియన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అంటార్కిటికాలోని హేలీ స్థావరం కొలతలు బయటపెట్టారు. అక్కడ అక్టోబరు నెల ఓజోన్ సుమారు 300 డాబ్సన్ల నుంచి 200 దరిదాపులకు పడిపోయింది. శీతకాలంలో అక్కడి స్ట్రాటోస్పియర్ సున్నాకు దిగువన 78 డిగ్రీలకంటే చల్లబడి, మంచు మేఘాలు కడుతుంది. ఆ మేఘాల మీద నిద్రాణంగా ఉన్న క్లోరిన్ మేల్కొంటుంది. సెప్టెంబరులో ఎండ తగలగానే విధ్వంసం మొదలవుతుంది. అందువల్లనే విజయవాడలో వదిలిన గ్యాస్‌కు, చికాగోలో వదిలిన గ్యాస్‌కు కూడా పెద్ద గాయం అంటార్కిటికా మీద పడింది.

ఓజోన్‌ను దెబ్బతీసే గ్యాసుల తయారీని ఆపేందుకు 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో చేరింది. ప్రపంచ దేశాలన్నీ ఆమోదించిన ఒప్పందం అది. ఆర్12, ఆర్11 జాతి క్లోరిన్ గ్యాసులైన సీఎఫ్‌సీల తయారీ ఆగింది, పొర మెల్లగా కోలుకుంటోంది. ఇదే తీరున నడిస్తే అంటార్కిటికా మీద 2066 నాటికి, మిగతా ప్రపంచంలో చాలాచోట్ల 2040 నాటికి 1980 స్థాయికి చేరుతుందని 2022లో ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. నాకు ఇది ఎంతో ధైర్యమిచ్చే సంగతి. అయితే తయారీ ఆపడం ప్రభుత్వాలు చేయగలిగిన పని. ఇప్పటికే మన గోడలకు తగిలించిన ఏసీలలో, వరండాలో మూలపడ్డ ఫ్రిజ్‌లలో ఉన్న గ్యాస్ సంగతి ఇక మనదే.

ముందు నేమ్ ప్లేటు చదవండి

బయటి యూనిట్ పక్కన ఒక రేకు ముక్కో స్టిక్కరో ఉంటుంది. విండో ఏసీకి అయితే పక్కన గానీ, ముందు గ్రిల్ తీస్తే లోపల గానీ ఉంటుంది. దాని మీద రెఫ్రిజరెంట్ అన్నచోట ఆర్22, ఆర్410ఎ, ఆర్32, ఆర్290 ఇలా ఏదో ఒకటి, పక్కన ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎండకూ వానకూ ఆ స్టిక్కరు నాలుగైదేళ్లలో వెలిసిపోతుంది, తర్వాత మెకానిక్ అంచనా మీద నింపాల్సి వస్తుంది.

ఆర్22 అని ఉంటే ఓజోన్‌కు నేరుగా హాని చేసే గ్యాస్ మీ ఇంట్లో ఉన్నట్టు. ఆర్12తో పోలిస్తే ఓజోన్ మీద దాని దెబ్బ ఇరవైలో ఒక వంతు. అయినా ఒక కిలో గాలిలోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో అది సుమారు 1,800 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఆర్410ఎ, ఆర్32లలో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. వేడి విషయంలో మాత్రం ఆర్410ఎ ఆర్22ను మించినది, కిలోకు 2,000 కిలోల పైమాటే. ఆర్32 సుమారు 675. ఆర్290 అంటే ప్రొపేన్, వంటగ్యాస్ జాతిది. దానితో ఓజోన్‌కు బాధ లేదు, వేడి కూడా నామమాత్రం. కాకపోతే మండుతుంది. మొన్నమొన్నటి ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఎ కూడా ఆ కోవదే.

1990లలో కొన్న ఫ్రిజ్ ఇంకా నడుస్తుంటే అందులో ఆర్12 ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నారో చాలా జాగ్రత్తగా చూసుకోండి. దాని గురించి ఇంకా చెబుతాను.

మెకానిక్‌ను పిలిచేముందు

చల్లదనం తగ్గిందంటే గ్యాసే కారణమని తేల్చేయకండి. ఫిల్టర్ తీసి కడగండి. బయటి యూనిట్ రెక్కల మీద దుమ్ము, పావురాల ఈకలు పేరుకుంటే వేడి బయటికి పోదు. బయటి ఫ్యాను సరిగా తిరుగుతోందో లేదో చూడండి. దాని కెపాసిటర్ బలహీనపడితే ఫ్యాను మందగిస్తుంది, చల్లదనం సగమవుతుంది. వోల్టేజీ తక్కువైనా అంతే. ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా తేడా రాకపోతే అప్పుడు గ్యాస్ మాట.

లోపలి కాయిల్ మీద మంచు కడితే గ్యాస్ తగ్గి ఉండవచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు కూడా. పైపుల జాయింట్ల దగ్గర నూనె మరక, దాని మీద దుమ్ము అంటుకున్న నల్లని జిడ్డు కనిపిస్తే అది లీకుకు గట్టి గుర్తు. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది, గ్యాస్ పోయే చోటే అదీ బయటపడుతుంది.

లీకు వెతకమని అడగండి, వెతికినందుకు డబ్బివ్వండి

ఈ రాతలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. గ్యాస్ నింపడం అరగంట పని, డబ్బు వెంటనే చేతికొస్తుంది. లీకు వెతకడానికి ఒక పూట పట్టవచ్చు, దానికి విడిగా డబ్బు ఇస్తామని ఎవరూ అనరు. అందుకే చాలామంది వెతకరు. మీరే ముందుగా చెప్పండి, "లీకు దొరికేదాకా గ్యాస్ ఎక్కించవద్దు, వెతికిన పనికి విడిగా ఇస్తాను" అని. ఆ ఒక్క మాటతో పని తీరే మారిపోవడం నేను చూస్తున్నాను.

సబ్బు నురుగు ఇప్పటికీ నమ్మదగిన సాధనం. చిక్కటి నురుగు జాయింట్ల మీద రాసి, బుడగ ఎక్కడ పెరుగుతుందో ఓపికగా చూడాలి. ముందు ఫ్లేర్ నట్లు చూడాలి. స్ప్లిట్ ఏసీలో రాగి పైపు కొసను గరాటులా విప్పి బిగించే జాయింట్లవి, ఎక్కువ లీకులు అక్కడే. తర్వాత సర్వీస్ వాల్వు పిన్ను, ఆ తర్వాత వంపుల దగ్గర వెల్డింగు. అక్కడా దొరకకపోతే మిగిలిన గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసి, పైపులలో నైట్రోజన్ నింపి, ఒత్తిడి పడిపోతోందా లేదా అని గేజ్ పెట్టి గంటలపాటు గమనించాలి. నైట్రోజన్‌కు బదులు వెల్డింగు ఆక్సిజన్ వాడబోతే మాత్రం అక్కడికక్కడే ఆపించండి. లోపలి నూనెకు ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే పేలిపోతుంది, మనుషులు పోతారు.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు ఉప్పుగాలికి కాయిళ్లు తొందరగా తినేస్తాయి, సూదిమొన అంత చిల్లులు పడతాయి. అలాంటి కాయిల్‌కు ఒకచోట అతికితే నెలకే మరోచోట కారుతుంది. అప్పుడు కాయిల్ మార్చడమే మంచిది, ఖర్చయినా.

పాత మెకానిక్‌ల దగ్గర ఒక దీపం ఉండేది, మేం లీక్ టార్చ్ అనేవాళ్లం. లీకు దగ్గరికి దాని గొట్టం పెడితే నీలి మంట పచ్చగా మారేది. ఆర్12, ఆర్22లలోని క్లోరిన్ వేడి రాగికి తగలడం వల్ల వచ్చే రంగు అది. ఆర్410ఎకి ఆ దీపం పనిచేయదు, అందులో క్లోరిన్ లేదు కాబట్టి. ఆ పచ్చ మంట దగ్గర ముక్కు మండేది. గ్యాస్ పూర్తిగా తీయకుండా పైపు వెల్డింగు చేస్తే ఆర్22 మంటకు విరిగి ఫాస్జీన్, ఘాటు ఆమ్లాల ఆవిర్లు పుడతాయి. మూసిన బాల్కనీలో కూర్చుని వెల్డింగు చేసే కుర్రవాడి ఊపిరితిత్తులకు అది విషం. గ్యాస్‌ను ముందు సిలిండర్‌లోకి తీయమనడం ఆకాశం కోసమే కాదు, మీ ఇంట్లో పనిచేస్తున్న ఆ పిల్లవాడి కోసం కూడా.

ఇక్కడ ఒక పెద్దాయన పేరు చెప్పకుండా ఉండలేను. వీరభద్రన్ రామనాథన్ ఇంజనీరింగ్ పూర్తవగానే సికింద్రాబాద్‌లోని ఒక రిఫ్రిజరేటర్ కంపెనీలో చేరారు. ఫ్రిజ్‌ల నుంచి గ్యాస్ ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. తర్వాత అమెరికా వెళ్లి, 1975లో ప్రపంచానికి మరో సంగతి చెప్పారు. ఈ సీఎఫ్‌సీలు ఓజోన్‌ను దెబ్బతీయడమే కాదు, భూమిని వేడెక్కించడంలో ఒక్కో అణువు బొగ్గుపులుసు వాయువు అణువులు పదివేలకు సమానమని. లీకు వెతకడం చిన్న పని అనుకునే కుర్రవాళ్లకు నేను ఆయన సంగతి చెబుతాను.

రికవరీ, వాక్యూమ్, తూకం

కంప్రెసర్ మార్చాలన్నా, కాయిల్ విప్పాలన్నా లోపలున్న గ్యాస్‌ను ముందు తీయాలి. దానికి రికవరీ యంత్రం ఉంటుంది. గ్యాస్‌ను లాగి ఖాళీ సిలిండర్‌లోకి ఎక్కిస్తుంది. "మీ దగ్గర రికవరీ యంత్రం ఉందా?" అని ఫోన్లోనే అడగండి. లేదంటే అద్దెకు తెస్తాడు, లేదా ఉన్నవారిని పంపుతాడు. అడిగేవారు పెరిగితే కొంటాడు. మా వీధిలో అలాగే జరిగింది. అదనంగా కొంత తీసుకుంటారు, అది న్యాయమే. కంప్రెసర్ కాలిపోకుండా ఉంటే, తీసిన గ్యాస్‌ను ఫిల్టర్ గుండా శుభ్రం చేసి మీ యంత్రంలోకే తిరిగి ఎక్కించవచ్చు. ఆర్22 దిగుమతి, తయారీ కోటాలు మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఏటికేడు తగ్గుతున్నాయి. 2025 నాటికి మూడింట రెండు వంతులు కోత పడింది, 2030కి సర్వీసు కోసం కొద్దిపాటి మినహా పూర్తిగా ఆగాలి. కాబట్టి మీ ఏసీలోని ఆర్22 మీ సొమ్మే, పోగొట్టుకోకండి. కంప్రెసర్ కాలిపోయి గ్యాస్ నల్లబడి, ఘాటుగా ఉంటే దాన్ని విడి సిలిండర్‌లో ఉంచి గ్యాస్‌ను శుద్ధి చేసే రీక్లెయిమ్ కేంద్రానికి పంపాలి. సిలిండర్‌ను ఎనభై శాతానికి మించి నింపకూడదు. ఎండలో ద్రవం వ్యాకోచించి పగులుతుంది. ఒక్కసారి వాడి పారేసే పలచని సిలిండర్లను రికవరీకి అసలు వాడకూడదు.

పైపులు కడగడానికి ఆర్22ను ఊదే అలవాటు మా వృత్తిలో ఇంకా పోలేదు. పైపులో గాలి తరిమేయడానికి కొంచెం గ్యాస్ వదిలి తోయడం మరో అలవాటు. రెండూ వద్దనండి. కడగడానికి నైట్రోజన్ ఉంది, గాలి తీయడానికి వాక్యూమ్ పంపు ఉంది. పంపు కనీసం అరగంట నడవాలి. వాక్యూమ్ ఎంత వచ్చిందో కొలిచే మైక్రాన్ గేజ్ ఉన్నవారైతే 500 మైక్రాన్ల కిందికి దించి, పంపు ఆపాక ముల్లు నిలబడిందో లేదో చూస్తారు. వాక్యూమ్ సరిగా లేకపోతే తేమ లోపల మిగిలి ఆమ్లమై కంప్రెసర్‌ను తినేస్తుంది. అప్పుడు మళ్లీ పైపు విప్పాలి, మళ్లీ గ్యాస్ పోతుంది.

నింపేటప్పుడు నేమ్ ప్లేటులో ఎన్ని గ్రాములుంటే అన్ని గ్రాములు, తూకం వేసి నింపాలి. గేజ్ చూసి అంచనాగా నింపడం పాత పద్ధతి. ఆర్22లో ఏసీ నడుస్తుండగా కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు ఒత్తిడి 60, 70 పీఎస్‌ఐ ఉంటే సరిపోయిందంటారు. ఆర్410ఎలో ఆ అంకె 110 నుంచి 130 దాకా. విజయవాడ మే నెల ఎండలో ఈ అంకెలు పైకి ఎగబాకుతాయి, అందుకే అంచనా తప్పుతుంది.

ఆర్22 ఏసీలో "ఇంకో మంచి గ్యాస్ వేస్తాను, చవక" అని ఎవరైనా అంటే ఆ గ్యాస్ పేరేమిటో కనుక్కోండి. ప్రొపేన్ జాతి గ్యాసును దానికోసం తయారు కాని పాత యంత్రంలో నింపడం ప్రమాదం, స్విచ్చుల దగ్గర నిప్పురవ్వ చాలు. రెండు గ్యాసులు కలిపినా అంతే సంగతి, కలిసినదాన్ని తిరిగి శుభ్రం చేయడం కుదరదు, ఎవరూ తీసుకోరు.

ఇల్లు మారేటప్పుడు

స్ప్లిట్ ఏసీలు ఎక్కువగా గ్యాస్ పోగొట్టుకునేది ఇళ్లు మారేటప్పుడే. సామాన్ల లారీ కింద ఎదురుచూస్తుంటుంది, మనిషి వచ్చి నట్లు విప్పేస్తాడు, గ్యాస్ అంతా క్షణాల్లో పోతుంది, కొత్త ఇంట్లో "గ్యాస్ కొట్టాలి" అంటాడు. కంప్రెసర్ బాగా నడుస్తున్న ఏసీకి ఇలా జరగాల్సిన అవసరమే లేదు. పంప్ డౌన్ చేయమని అడగండి. ఏసీని చల్లదనం మీద నడుపుతూ, బయటి యూనిట్‌కున్న రెండు వాల్వులలో సన్న పైపు వాల్వును అలెన్ కీతో మూస్తారు. లోపలి గ్యాస్ అంతా బయటి యూనిట్‌లోకి చేరుతుంది. గేజ్ ముల్లు సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వును మూసి, వెంటనే కరెంటు ఆపుతారు. కొన్ని నిమిషాల పని. గ్యాస్ మొత్తం బయటి యూనిట్‌లో భద్రంగా కొత్త ఇంటికి వస్తుంది.

ఇది మీరు సొంతంగా చేయకండి. ముల్లు సున్నా దాటాక కూడా కంప్రెసర్‌ను నడిపితే వదులు జాయింట్ల గుండా గాలి లోపలికి వచ్చి, ఒత్తిడికి నూనె మండి కంప్రెసర్ పేలిన ప్రమాదాలు ఉన్నాయి. గేజ్ లేకుండా పంప్ డౌన్ చేస్తానన్నవారికి కూడా వద్దనే చెప్పండి. విండో ఏసీకి ఈ బాధ లేదు, అది ఒకే పెట్టె, నిటారుగా ఉంచి తరలిస్తే చాలు.

పాతది వదిలించుకునేటప్పుడు

పాత ఇనుప సామాన్ల బండికి ఫ్రిజ్ అమ్మితే ముందు జరిగేది రాగి పైపు కోయడం. రాగికి ధర ఉంది, గ్యాస్‌కు లేదు. ఆ ఒక్క కోతతో గ్యాస్ మొత్తం గాలిలో కలుస్తుంది. తర్వాత తలుపులోని ఫోమ్‌ను విరిచి తగలబెడతారు. పాత ఫ్రిజ్‌ల ఫోమ్ బుడగలలో ఆర్11 గానీ, 141బి అనే మరో క్లోరిన్ గ్యాస్ గానీ ఉంటుంది. లోపల తిరిగే గ్యాస్‌కంటే ఫోమ్‌లో ఉన్నదే ఎక్కువ ఉండే ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. ఇక ఆ పొగలో ఏమేమి విషాలుంటాయో ఊహించండి, పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలలో ఏసీలు, ఫ్రిజ్‌లు కూడా ఉన్నాయి. పాతవాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనేచోట పాతది ఇచ్చేటప్పుడు, "ఇది రిజిస్టరైన రీసైక్లర్‌కు వెళుతుందా?" అని అడగండి, కాగితం అడగండి. రిజిస్టరైనవారి వివరాలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర దొరుకుతాయి. మీ ఊళ్లో ఆ సౌకర్యం దగ్గరగా లేకపోతే ఇంకో దారి ఉంది. సామాన్లవాడికి ఇచ్చే ముందు రికవరీ యంత్రం ఉన్న మెకానిక్‌ను పిలిచి గ్యాస్ తీయించండి, ఫోమ్ కాల్చవద్దని గట్టిగా చెప్పండి. ఆర్12 ఉన్న పాత ఫ్రిజ్‌కు మాత్రం ఈ పని తప్పనిసరిగా చేయించండి. లోపలిది వంద గ్రాములో నూట యాభయ్యో ఉంటుంది, కానీ అది పైకి పోతే మన మునిమనవళ్ల కాలం దాకా అక్కడ ఉంటుంది.

కొత్తది కొనేటప్పుడు

ఆర్22 యంత్రాన్ని ఈ రోజుల్లో పాత సామాన్ల దుకాణంలో కొనకండి, ఎంత చవకైనా. కొత్తవాటిలో ఆర్32 ఎక్కువ, ఆర్290 కొన్ని ఉన్నాయి. మన దేశంలో ఆర్290 స్ప్లిట్ ఏసీలు 2012 నుంచి వస్తున్నాయి. నా అభిప్రాయం అడిగితే, గది తగిన విశాలంగా ఉండి, ఆ గ్యాస్‌లో శిక్షణ పొందిన మనిషి మీ ఊళ్లో దొరికితే ఆర్290 తీసుకోండి. లేకపోతే ఆర్32. 2016లో మాంట్రియల్ ఒప్పందానికి కిగాలీలో కుదిరిన సవరణ ప్రకారం ఓజోన్‌కు హాని లేకపోయినా వేడిని పెంచే ఆర్410ఎ, ఆర్32 జాతి హెచ్ఎఫ్‌సీలను కూడా తగ్గించాలి. మన దేశం 2032 నుంచి తగ్గించడం మొదలుపెట్టి 2047కి 85 శాతం తగ్గిస్తుంది. ఆర్410ఎ కాలం చెల్లుతున్నట్టే.

బిగించే రోజున దగ్గర ఉండండి. ఫ్లేర్ కొస కొత్తగా, పగులు లేకుండా తీశారా, నట్టు బిగించేముందు ఒక చుక్క నూనె రాశారా, టార్క్ స్పానర్‌తో బిగించారా, బయటి వాల్వులు తెరవకముందు వాక్యూమ్ పంపు పెట్టారా చూడండి. పంపు తీసుకురాకుండా బయటి యూనిట్ గ్యాస్‌తోనే గాలి తోసేస్తామంటే ఆ రోజు పని ఆపించి, పంపుతో వచ్చేదాకా ఆగండి. కొంతమంది విసుక్కుంటారు, ఫరవాలేదు. పని పూర్తయ్యాక వారంటీ కార్డు వెనక ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు, పైపు పొడవెంత, పైపు ఎక్కువైనందుకు అదనంగా ఎంత ఎక్కించారు అన్నవి మెకానిక్ చేత రాయించి తేదీ వేయించుకోండి. తర్వాత ఎవరు వచ్చి "గ్యాస్ తగ్గింది" అన్నా, ఉన్న గ్యాస్‌ను సిలిండర్‌లోకి తీసి తూచి ఆ కార్డుతో పోల్చమనండి.